శనగలా, బాదమా? రోజూ వండి పెట్టే మనిషిగా నా సమాధానం

మీ నాన్నగారికి షుగర్, అమ్మగారికి రక్తం తక్కువ అన్నారు. నెలకి ఇంత అని పెట్టుకున్న డబ్బుతో బాదం, జీడిపప్పు, పిస్తా కొనాలా, లేక శనగలు, అలసందలు, రాజ్మా సరిపోతాయా, ఏది ఎక్కువ బలం అని అడిగారు. మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి. మామగారికి షుగర్, అత్తగారికి హిమోగ్లోబిన్ తక్కువ, వంట నాది. సూటిగా చెప్తున్నాను, డబ్బు ముందు శనగలు, అలసందలు, పెసలు, ఉలవల మీద పెట్టండి. ఆ తర్వాత పల్లీలు. ఇంకా మిగిలితే బాదం.

చాలామంది తికమకపడేది 100 గ్రాముల లెక్క దగ్గర. 100 గ్రాముల బాదంలో ప్రోటీన్ 21 గ్రాములు, ఎండు శనగల్లో 20. దాదాపు సమానమే. అదే ఉడికించిన శనగలైతే 9 అని రాసి ఉంటుంది. నానినప్పుడు, ఉడికినప్పుడు నీళ్లు పీల్చుకుని బరువు పెరుగుతాయి కాబట్టి అంకె తగ్గుతుంది, అంతే. అది చూసి బాదమే గొప్పదని తేల్చేస్తారు. కానీ మనం పళ్ళెంలో ఎంత పెట్టుకుంటామో చూడాలి కదండీ. పొద్దున నానబెట్టి తినే 10 బాదం గింజలు కలిపితే 12 గ్రాములు ఉంటాయేమో. వాటిలో వచ్చే ప్రోటీన్ రెండున్నర గ్రాములు. ఒక కప్పు ఉడికిన శనగల్లో 14 గ్రాముల ప్రోటీన్, 12 గ్రాముల పీచు, 270 కేలరీలు ఉంటాయి. అంత ప్రోటీన్ బాదం నుంచే రావాలంటే 400 కేలరీలు తినాలి. అందులో ఎక్కువ భాగం కొవ్వు నుంచి వచ్చేదే, ఎందుకంటే బాదంలో సగం బరువు కొవ్వే.

ఆ కొవ్వు చెడ్డదని కాదు నేననేది. గుండెకి మేలు చేసే రకమే. బాదంలో విటమిన్ ఇ కూడా బాగా ఉంటుంది, ఓ గుప్పెడు తింటే రోజుకి కావలసినదాంట్లో దాదాపు సగం వచ్చేస్తుంది. శనగల్లో, అలసందల్లో అది చాలా తక్కువ. అక్రోట్లలో మొక్కల నుంచి వచ్చే ఒమేగా 3 ఉంటుంది. కాబట్టి వీటిని కొవ్వు లెక్కలో వేసుకోండి, ప్రోటీన్ లెక్కలో కాదు. సాయంత్రం మిక్చర్, బజ్జీల బదులు గుప్పెడు బాదమో పల్లీలో తింటే లాభం. మిక్చర్ తిని, పైన బాదం కూడా తింటే బరువు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా రోజుకి పప్పుధాన్యాలు 85 గ్రాములు, గింజలు, నట్స్ 35 గ్రాములు అని విడివిడిగానే పెట్టారు. ఒకదాని బదులు ఇంకొకటి అనలేదు.

షుగర్ సంగతికి వస్తే, మా మామగారికి అన్నం లేనిదే భోజనం చేసినట్టు ఉండదు. అన్నం మానమంటే వినరు. అందుకని అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీలో ఓ కప్పు అలసంద గుగ్గిళ్ళు పెడుతున్నాను. అలసందలు రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉప్పు వేసి కుక్కర్లో పెడతాను. మెత్తగా చిదిగిపోకూడదు, వేళ్ళతో నొక్కితే నలగాలి. చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు పెట్టి, దించాక పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం. పిండిపదార్థం ఉన్నా పీచు వల్ల మెల్లగా అరుగుతాయి, రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. మందులు మామూలుగానే వేసుకుంటున్నారు, కానీ తిన్నాక చూసే రీడింగులో మంచి తేడా కనిపించింది, డాక్టర్ గారు కూడా ఇలాగే కొనసాగించమన్నారు. గుప్పెడు బాదంతో అన్నం తగ్గించలేరండీ, కడుపు నిండదు.

అమ్మగారి విషయంలో ఆ నిమ్మరసమే ముఖ్యం. ఒక కప్పు ఉడికిన శనగల్లో గానీ అలసందల్లో గానీ ఐరన్ 4 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, రక్తం తయారీకి కావలసిన ఫోలేట్ అనే విటమిన్ కూడా దండిగా ఉంటుంది. కాకపోతే గింజల్లోని ఫైటేట్లు అనే పదార్థాలు ఆ ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. నానబెట్టడం, మొలకెత్తించడం వల్ల అవి తగ్గుతాయి, నిమ్మరసంలోని విటమిన్ సి తోడైతే ఐరన్ ఎక్కువ పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం అది కూడా ఐరన్‌ని పట్టనివ్వదు, ఈ శ్రమలో చాలా భాగం దండగ. మా అత్తగారిని టీ ఓ గంట వెనక్కి జరపడానికి ఒప్పించడం గుగ్గిళ్ళు తినిపించడం కన్నా కష్టమైంది. అయినా రక్తం బాగా తక్కువగా ఉంటే తిండితోనే అవుతుందని ఆగిపోకండి, డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకోవాల్సిందే. శాకాహారులైతే విటమిన్ బీ12 రక్తపరీక్ష కూడా చేయించండి. అది శనగల్లోనూ లేదు, బాదంలోనూ లేదు.

పల్లీల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలనుంది, ఎందుకంటే మనవాళ్ళు వాటిని చిన్నచూపు చూస్తారు. మొక్క కంది, పెసర కుటుంబానిదే, గింజ గుణం మాత్రం బాదానికి దగ్గర. 100 గ్రాములకి 26 గ్రాముల ప్రోటీన్, బాదం కన్నా ఎక్కువ. కొవ్వు దాదాపు అంతే. కిలో బాదం డబ్బుకి పల్లీలు నాలుగైదు కిలోలు వస్తాయి. బాదం కొనలేకపోతున్నామని ఎవరూ బాధపడక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, చేటలో పోసి ఏరుకోండి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి పారేయండి. బూజుతో వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయానికి మంచిది కాదు, వేయించినా పూర్తిగా పోదు.

రాజ్మా వండితే ఒకటి గుర్తుంచుకోండి. నానబెట్టిన నీళ్లు పారబోసి, బాగా మరిగించి పూర్తిగా ఉడికించాలి. సగం ఉడికినవి తింటే వాంతులు పట్టుకుంటాయి. కుక్కర్లో వండితే ఆ భయం లేదు. గ్యాస్ వస్తుందని మానేసేవాళ్ళు మొదట పెసలతో, చిన్న గిన్నెడుతో మొదలుపెడితే కొన్నాళ్ళకి కడుపు అలవాటు పడుతుంది.

చివరిగా, నాన్నగారికి షుగర్ చాలా ఏళ్ళుగా ఉంటే ఇవన్నీ మొదలుపెట్టే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకి ప్రోటీన్, పొటాషియం లెక్క వేరేగా ఉంటుంది, అప్పుడు శనగలైనా బాదమైనా ఎంత తినాలో డాక్టర్ చెప్పాలి.