కొత్త కార్వెట్, మీటరు మీద 178 మైళ్లు: తీసుకోవచ్చా?

ప్రశ్న: అన్నా, నేను నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటున్నాను. అమెరికా వచ్చి రెండేళ్లయింది. షెవర్లే వాళ్ల స్పోర్ట్స్ కారు కార్వెట్ స్టింగ్‌రే బుక్ చేశాను. బండి వచ్చిందని డీలర్ ఫోన్ చేస్తే వెళ్లి చూశాను. మీటరు మీద 178 మైళ్లు ఉంది. రాలీలో ఇంకో డీలర్ దగ్గర నుంచి తెప్పించాం, అందుకే అంటున్నాడు. ఎవరైనా తొక్కి తొక్కి వదిలారేమోనని టెన్షన్‌గా ఉంది. గుంటూరులో మా నాన్నగారేమో ఫస్ట్ సర్వీస్ అయ్యేదాకా స్పీడు 40 దాటొద్దంటున్నారు. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. రాలీ నుంచి షార్లెట్‌కు రోడ్డు మీద దాదాపు 165 మైళ్లు. 178లోంచి అది తీసేస్తే 13 మిగులుతుంది. ఫ్యాక్టరీలో టెస్టింగ్‌కి, ట్రక్కు ఎక్కించి దించడానికి, ఇక్కడ పీడీఐ (డెలివరీకి ముందు చేసే తనిఖీ) అయ్యాక ఒక రౌండ్ తిప్పి చూడటానికి ఆ మాత్రం తిరుగుతుంది. సేల్స్‌మ్యాన్ చెప్పిన మాట లెక్కకు సరిపోతోంది. మీటరు మీద 310 ఉండి ఇదే మాట చెప్పి ఉంటే మాత్రం నిన్ను లేచి వచ్చేయమనేవాణ్ని.

అసలు చూడాల్సింది ఆ మైళ్లు ఎవరు తిప్పారు, ఎలా తిప్పారు అని. 30 మైళ్లే ఉన్న బండిని కూడా శనివారం షోరూమ్‌కి వచ్చిన ప్రతి కుర్రాడికీ టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చి ఉండొచ్చు. చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసిన రెండో నిమిషంలోనే రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ హద్దు) దాకా లాగేవాళ్లకు కొదవ లేదు. ఒకే డ్రైవర్ హైవే మీద రెండున్నర గంటలు నింపాదిగా నడిపిన 165 మైళ్లు దానికన్నా ఎన్నో రెట్లు నయం.

అది నింపాదిగానే నడిచిందని తెలిసేదెలా? కారు ఆన్ చేసి ట్రిప్ సమాచారంలోకి వెళ్లు. ఎవరూ రీసెట్ చేసి ఉండకపోతే సగటు వేగం కనిపిస్తుంది. కొన్ని కార్లలో ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో కూడా ఉంటుంది. లేకపోతే సర్వీస్ వాళ్లను స్కానర్ పెట్టి చూడమను. 178 మైళ్లకు నాలుగు గంటలు అని వస్తే సగటు గంటకు 45 మైళ్ల దాకా ఉన్నట్టు, అంటే హైవే ప్రయాణమే. అదే పన్నెండు గంటలని వస్తే సగటు 15. ఊళ్లో తిప్పారు, గంటలకొద్దీ ఐడిల్‌లో పెట్టారు, వచ్చినవాళ్లందరికీ చూపించారు అని అర్థం.

తర్వాత వెనక టైర్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చో. కొత్త టైరు అంచున వెంట్రుకల్లాంటి సన్నటి రబ్బరు ముళ్లు ఉంటాయి, చేత్తో తడిమితే తెలుస్తాయి. హైవే మీద నేరుగా వచ్చిన బండికి పక్కల్లో అవి చాలావరకు అలాగే ఉండాలి. చక్రం వెనక పెయింట్ మీద కరిగి అంటుకున్న రబ్బరు ముక్కలు కనిపిస్తే ఎవరో టైర్లను ఉన్నచోటే గిర్రున తిప్పి కాల్చారన్నమాట. ఫోన్ టార్చ్ వేసి ముందు బంపర్ కింది అంచు కూడా చూడు. కార్వెట్ ముక్కు కిందికి ఉంటుంది, డీలర్ గేటు దగ్గరి ర్యాంపే చాలు గీకడానికి. అది పై నుంచి కనపడదు, ఇంటికొచ్చాక నువ్వు కడిగేటప్పుడు కనపడుతుంది.

ఇక కాగితాలు. ఈ కారు డెమోగా (టెస్ట్ డ్రైవ్‌లకు), లోనర్‌గా (సర్వీస్‌కి వచ్చినవాళ్లకు తాత్కాలికంగా) తిరిగిందా అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకో. నోటిమాట వద్దు. ఎందుకంటే వారంటీ మొదలయ్యేది కారు మొదటిసారి వాడకంలోకి వచ్చిన రోజు నుంచి. కార్వెట్ తయారుచేసే జీఎం (జనరల్ మోటార్స్) ఇచ్చేది మామూలు వారంటీ 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు, ఇంజిన్, గేర్‌బాక్స్‌కి 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు. డీలర్ ఆర్నెల్ల కిందటే దాన్ని డెమోగా పెట్టి ఉంటే నీ గడియారం అప్పటి నుంచే నడుస్తున్నట్టు. ఆ మొదలైన రోజునే ఇన్-సర్వీస్ డేట్ అంటారు, అది ఏమిటని అడిగితే సిస్టంలో చూసి చెబుతారు. ఇంకోటి, ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్) నిబంధనల ప్రకారం డెమో కారు యూజ్డ్ కారు కిందికే వస్తుంది, అద్దం మీద బయ్యర్స్ గైడ్ అనే వారంటీ వివరాల కాగితం అంటించాలి. డెలివరీ కోసం తరలించడానికి, టెస్ట్ చేయడానికి తిప్పితే యూజ్డ్ కాదు. నీ బండి ఆ రెండో రకంలో ఉండాలి. కొనేటప్పుడు ఓడోమీటర్ డిస్‌క్లోజర్ కాగితం మీద సంతకం పెట్టిస్తారు. పెట్టే ముందు బయటికెళ్లి మీటరు మీద అంకె, కాగితం మీద అంకె ఒకటేనా చూసుకో. కొన్నాక మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చని మనవాళ్లలో ఒక ప్రచారం ఉంది. అలాంటి ఫెడరల్ రూలు ఒకటి ఉంది కానీ షోరూమ్‌లో కొన్న కారుకి అది వర్తించదు. సంతకం పెట్టావంటే బండి నీదే.

అన్నీ సరిగ్గా ఉంటే తీసుకో, కానీ 178 మైళ్లను ఊరికే వదిలెయ్యకు. స్పోర్ట్స్ కారుకి రీసేల్‌లో ప్రతి మైలూ లెక్కే. ధర తగ్గించమను, కుదరదంటే మొదటి ఆయిల్ మార్పు వాళ్ల ఖర్చుతో చేయించమను. ఇంకా బండి రానివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అడ్వాన్స్ కట్టే రోజే ఆర్డర్ కాగితంలో రాయించుకోండి: వేరే డీలర్ దగ్గర నుంచి తెస్తే ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీదే తేవాలి, టెస్ట్ డ్రైవ్ ఎవరికీ ఇవ్వకూడదు, డెలివరీ నాటికి ఇన్ని మైళ్లు దాటకూడదు అని. కార్వెట్ తయారయ్యేది కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో. ఆ ఫ్యాక్టరీ ఎదురుగానే ఉన్న నేషనల్ కార్వెట్ మ్యూజియంలో డెలివరీ తీసుకునే ఆప్షన్ కూడా ఉంది. అప్పుడు మధ్యలో ఏ డీలర్ డ్రైవరూ ఉండడు.

నాన్నగారి మాటకొద్దాం. ఆయన చెప్పినదాంట్లో విషయం ఉంది, అంకె మాత్రం ఈ బండిది కాదు. సిలిండర్ గోడ మీద ఫ్యాక్టరీలో హోనింగ్ చేసి సన్నటి అడ్డగీతలు గీస్తారు, ఆయిల్ నిలవడానికి. కొత్త పిస్టన్ రింగులు ఆ గీతల మీద కాస్త అరిగి గోడకు సరిగ్గా కూర్చోవాలి. మండిన గ్యాస్ ఒత్తిడే రింగుని గోడకేసి నొక్కుతుంది. ఆ ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటే రింగు బాగా కూర్చుంటుంది. మన ఊళ్లో మెకానిక్ ‘బండి ఫ్రీ అవ్వాలి’ అనేది దీని గురించే. మారుతి 800 రోజుల్లో 40 దాటొద్దన్నారంటే దాని గేర్లకు, దాని ఇంజిన్‌కు అది సరిపోయింది. ఇంత పెద్ద వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌ని పై గేర్‌లో పెట్టి నెమ్మదిగా ఈడిస్తే ఇంజిన్ మూలుగుతుంది. అదీ మంచిది కాదు. ఇక్కడ చూడాల్సింది స్పీడు కాదు, ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందని.

కార్వెట్ మాన్యువల్ చెప్పేది ఇదీ: మొదటి 500 మైళ్లు 4,000 ఆర్‌పీఎం దాటొద్దు, ఫుల్ థ్రాటిల్ కొట్టొద్దు, ఒకే వేగంతో పోతూ ఉండొద్దు. మొదటి 200 మైళ్లు సడన్ బ్రేకులు వద్దు, టైర్లను కూడా మితంగా వాడాలి. కొత్త టైరు రోడ్డుని సరిగ్గా పట్టుకోవడానికి కొంత అరగాలి, చాలామంది మొదటి వారంలోనే కారు తిప్పేసుకునేది ఇక్కడే. 1,500 మైళ్లు అయ్యేదాకా రేస్ ట్రాక్ మాట ఎత్తొద్దు. అప్పటిదాకా ఆయిల్ కాస్త ఎక్కువ తాగొచ్చు కాబట్టి పెట్రోల్ కొట్టించినప్పుడల్లా లెవెల్ చూసుకో.

ఫ్రెండ్‌కి బీఎండబ్ల్యూ ఎం కారుంటే వాడు 1,200 మైళ్లకు ఆయిల్ మార్చాల్సిందే అంటాడు, వాడి కంపెనీ అలాగే చెప్పింది. హోండా వాళ్లు ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్‌ని తొందరపడి మార్చొద్దంటారు. పోర్షా అయితే 2,000 మైళ్లదాకా నెమ్మదిగా నడపమంటుంది. ఎవరి బండికి వాళ్ల మాన్యువల్, యూట్యూబ్ పండితులతో పనిలేదు.

ఆ రాలీ డ్రైవర్ క్రూజ్ కంట్రోల్ పెట్టి వచ్చి ఉంటాడు. దానివల్ల ఇంజిన్ పాడవదు, కాకపోతే ఫ్రీ అవడానికి పెద్దగా ఉపయోగపడి ఉండదు. అందుకే ఆ 178ని లెక్కలో వేసుకోకుండా, బండి నీ చేతికొచ్చినప్పటి నుంచి నీ 500 మైళ్లు నువ్వు పూర్తి చెయ్యి. ఐ-85 హైవే మీద కాకుండా సిగ్నళ్లు, వంపులు ఉన్న రోడ్లు పట్టు. శనివారం పొద్దున బ్లూ రిడ్జ్ పార్క్‌వే వైపు పో, స్పీడ్ లిమిట్ ఎక్కువ చోట్ల 45 మైళ్లు, ఎత్తుపల్లాలు బోలెడు. గేర్లు మాన్యువల్ మోడ్‌లో పెట్టుకుని 2,000కీ 3,500 ఆర్‌పీఎంకీ మధ్య పైకీ కిందికీ ఆడించు. వెళ్లేముందు ఏ భాగం మూసి ఉందో చూసుకో. జెడ్51 అనే పర్ఫార్మెన్స్ ప్యాకేజీ తీసుకుని ఉంటే సమ్మర్ టైర్లు వస్తాయి. ఉష్ణోగ్రత 40 ఫారెన్‌హీట్ కిందికి పోయిన రోజు బండి బయటికి తీయకు.

గుళ్లో పూజ చేయిస్తావు కదా, నిమ్మకాయలు తొక్కించు, పర్లేదు. పార్కింగ్‌లో స్పీడ్ బ్రేకర్‌కి మాత్రం ఏటవాలుగా ఎక్కించు, ముందు ముక్కు తగలకుండా. ఆ సాయంత్రమే ఫ్రెండ్స్ ‘ఒక్క రౌండ్ ఇవ్వురా’ అంటారు. బండి ఇంకా ఫ్రీ కాలేదని చెప్పు. మాన్యువల్ చలవతో ఆ సాకు 1,500 మైళ్లదాకా పనికొస్తుంది, ఆ తర్వాత ఇన్సూరెన్స్‌లో వాళ్ల పేరు లేదని చెప్పుకోవచ్చు.