డిక్కీలో సిలిండర్, పాలసీలో పెట్రోల్

నల్గొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వు కారు ముచ్చట చెప్తుంటే వాటర్ క్యాన్ల ఆటో వచ్చింది, మాట మధ్యలోనే తెగిపోయింది. మిర్యాలగూడలో సెకండ్ హ్యాండ్ బండి కొన్నావు, అలాయ్ వీల్స్ పాత ఓనరే వేయించాడు, నువ్వు ఇంకో 25 వేలు పెట్టి స్క్రీన్, స్పీకర్లు పెట్టించావు, వచ్చే నెల సీఎన్జీ కిట్ కూడా వేయిస్తావు. అంతవరకు విన్నాను. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పావా అంటే "ఏజెంట్ అన్నకు తెలుసు పెద్దమ్మా" అన్నావు. ఆ ఒక్క మాట కోసమే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా. ఏజెంట్ అన్నకు తెలిసినంత మాత్రాన కంపెనీకి తెలిసినట్టు కాదు.

బీమా ఆఫీసులో నా సర్వీసులో ఎక్కువ భాగం క్లెయిముల సీట్లోనే గడిచింది. ఒక ఫైలు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. హాలియా రోడ్డు మీద గేదె అడ్డం వచ్చింది. తప్పించబోతే బండి తిరిగిపోయి వెనక భాగం కల్వర్టు గోడకు తగిలింది. నష్టం అంచనా వేయడానికి వెళ్లిన సర్వేయర్ పంపిన ఫొటోల్లో డిక్కీ నొక్కుకుపోయి ఉంది. లోపల చిరిగిన ఉల్లిగడ్డల సంచి, దాని వెనక గ్యాస్ సిలిండర్. పాలసీ తీసి చూస్తే పెట్రోల్. ఆర్సీ చూస్తే అదీ పెట్రోలే. ఆయన బడిపంతులు. నా బల్ల ముందు కూర్చొని, "మేడం, గ్యాస్ వల్ల కాలేదు కదా, గేదె వల్ల కదా" అన్నాడు. ఆయన మాటలో అన్యాయమేమీ లేదు. కానీ ఫైలు మీద ముందు "తిరస్కరణ" అని పడింది. నెలల తరబడి తిరిగాక నాన్-స్టాండర్డ్ కింద, అంటే షరతు తప్పినా పూర్తిగా కొట్టేయని క్లెయిమ్ కింద పెట్టి, రావలసిన దాంట్లో 25 శాతం కోసి ఇచ్చారు. కిట్‌కు మాత్రం పైసా రాలేదు. పాలసీలో లేని వస్తువుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

కంపెనీ నీ బండిని ఎప్పుడూ చూడలేదు బిడ్డా. షోరూంలో ఎట్లా అమ్మారో, ఆర్సీలో ఏం రాసి ఉందో, ప్రపోజల్ ఫారంలో నువ్వు ఏం చెప్పావో, వాళ్లకు తెలిసిన కారు అదే. ప్రీమియం ఆ కారుకే కట్టించుకున్నారు.

ముందు నీ పాలసీ ఏదో చూసుకో. ఒట్టి థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే అయితే, నీ బండికి దెబ్బ తగిలినా ఎట్లాగూ ఏమీ రాదు. నీ బండికీ, ఎదుటివాళ్లకూ కలిపి ఉండే ప్యాకేజీ పాలసీ అయితేనే ఈ గొడవంతా. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే, నువ్వు కిట్ చెప్పలేదన్న సాకుతో ఆ మనిషికి నష్టపరిహారం ఎగ్గొట్టడం కంపెనీకి అంత తేలిక కాదు, చట్టం ఆ మనిషి వైపే ఉంటుంది. మునిగేది నీ సొంత బండి క్లెయిమే.

ఇంకోటి. పాలసీ అసలు నీ పేరు మీదికి మారిందా? బండి కొన్న 14 రోజుల్లో మార్పు కోసం అర్జీ పెట్టుకోవాలి. క్లెయిమ్ చేయనందుకు పాత ఓనర్‌కు ప్రీమియంలో వచ్చిన తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, ఆయనదే, నీకు రాదు, ఆ తేడా నువ్వు కట్టాలి. ఈ పేరు మార్పు పూర్తవకుండా మిగతావి చెప్పుకోవడం గోడ లేకుండా సున్నం వేసినట్టే.

ఇక సీఎన్జీ. దీని మీద కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. హైవే మీద వారానికి రెండుసార్లు సూర్యాపేట నుంచి హైదరాబాద్ పోయొచ్చే మనిషివి, పెట్రోల్ ఖర్చు చూసి కిట్ కావాలంటున్నావు, కాదనను. అయితే నీ మోడల్‌కు అనుమతి ఉన్న కిట్టే వేయించు, అది కూడా గుర్తింపు ఉన్న ఫిట్టర్ దగ్గరే. ఎవరో షెడ్డులో పదివేలు తక్కువకు వేస్తానంటాడు. ఆ బిల్లు పట్టుకొని ఆర్టీఓ ఆఫీసుకు పోతే అక్కడే ఆగిపోతావు. కారు మీద లోన్ ఉంటే బ్యాంకు వాళ్లకు ముందే చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకో. ఫిట్‌మెంట్ సర్టిఫికెట్, బిల్లు పట్టుకొని ఆర్టీఓ దగ్గర ఆర్సీలో ఇంధనం దగ్గర పెట్రోల్‌తో పాటు సీఎన్జీ ఎక్కించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఇదే, ఆర్సీలో ఉన్నట్టే బండి ఉండాలని. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

ఆర్సీ మారాక ఇన్సూరెన్స్. కిట్ 60,000 అనుకో. ఒకప్పుడు అన్ని కంపెనీలకూ ఒకే రేటు పెట్టిన టారిఫ్ లెక్కలో కిట్ విలువ మీద 4 శాతం, అంటే ఏడాదికి 2,400, థర్డ్ పార్టీ కింద ఇంకో 60, దాని మీద జీఎస్టీ. సొంత బండి నష్టం భాగానికి టారిఫ్ పోయి ఏళ్లయింది, దానికి కంపెనీలు ఎవరి రేటు వాళ్లు పెట్టుకోవచ్చు. అయినా చాలా పాలసీల్లో ఆ 4 శాతమే కనపడుతుంది. సగం ఏడాది గడిచాక వేయించావనుకో, మిగిలిన రోజులకే లెక్క కడతారు. నువ్వు నెలకు పెట్రోల్‌లో మిగుల్చుకునే దానితో పోలిస్తే ఇది చిల్లర. ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి చేర్చిన మార్పు కాగితం, చేతికి వచ్చాక అందులో "ఐఎంటీ 25" అని ఉందా చూడు. గ్యాస్ కిట్‌ను పాలసీలో చేర్చినట్టు చూపే నంబరు అది. అది లేకపోతే డబ్బు కట్టినా ఫోన్ చేసి అడుగు. రెన్యువల్ అప్పుడు కూడా చూసుకో, కంపెనీ మారినప్పుడు కిట్ విలువ రాలిపోవడం నేను చాలా పాలసీల్లో చూశాను. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్, అంటే నీళ్ల ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష, చేయించాలి, ఆ తేదీ దాటనియ్యకు.

స్క్రీన్, స్పీకర్ల సంగతి తేలిక. కారు కంపెనీ నుంచి రాని ఎలక్ట్రికల్ సామాను కింద, విలువ చెప్పి 4 శాతం కట్టాలి. నీ 25 వేలకు వెయ్యి రూపాయలు. దీనికి "ఐఎంటీ 24". కానీ వైరింగ్ కోసి అతికించారా, కప్లర్ పెట్టి కలిపారా అని ఆ షాపతన్ని అడుగు. కోసిన వైరు దగ్గర షార్ట్ సర్క్యూట్ అయిందని సర్వేయర్ రిపోర్టులో ఒక్క వాక్యం పడిందంటే, ఆ తర్వాత నువ్వు ఎంత వాదించినా కష్టమే.

అలాయ్ వీల్స్ నాన్-ఎలక్ట్రికల్ కింద వస్తాయి, వాటి విలువ ఐడీవీకి, అంటే పాలసీలో బండికి కట్టిన విలువకు, కలుస్తుంది. పాత ఓనర్ వేయించినా సరే, ఇప్పుడు బండి నీది, చెప్పాల్సింది నువ్వే. టైరు సైజు కారు కంపెనీ ఇచ్చిన దానికన్నా పెరిగితే అది వేరే తలనొప్పి, అసలు సైజుకే మార్చుకో.

చెప్పినా చెల్లనివి కొన్ని ఉన్నాయి. బంపర్ ముందు ఇనుప బుల్ బార్ ఉందన్నావు కదూ? పీకేయి. కేంద్ర రవాణా శాఖ 2017 చివర్లోనే వాటిని ఆపమని రాష్ట్రాలకు రాసింది. రంగు మార్చాలంటే ముందు ఆర్సీ సంగతి చూసుకోవాలి. తెల్ల ప్లేటున్న సొంత బండిని ఎయిర్‌పోర్టుకు కిరాయికి తిప్పడం మార్పు కిందికి రాదు గానీ, క్లెయిమ్ పోవడానికి అదొక్కటి చాలు.

పార్టులు మార్చడం గురించి భయపడకు. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, బంపర్, అద్దం, అదే సైజు టైరు, ఉన్నదాని స్థానంలో అలాంటిదే వేస్తే ఎవరికీ ఉత్తరం రాయనక్కర్లేదు. బిల్లు మాత్రం దాచు. బిల్లు ఉంటే తరుగుదల తగ్గుతుందనుకుంటారు జనం, అది తప్పు. బంపర్ నిన్న వేయించినా ప్లాస్టిక్ కాబట్టి మామూలు పాలసీలో సగం కోస్తారు. టైరుకూ, బ్యాటరీకీ అంతే. ఇనుప రేకు భాగాలకు బండి వయసును బట్టి కోత. మరి బిల్లు ఎందుకంటే, పాత దెబ్బ బాగు చేయించావని చూపడానికి. పోయినేడు తగిలిన డోరు సొట్టే ఈ ఏడు కూడా చూపిస్తున్నాడని సర్వేయర్‌కు అనుమానం వస్తే, ఆ బిల్లూ, బాగయ్యాక తీసిన ఫొటో తప్ప నీకు వేరే సాక్షి ఉండడు.

ఇంజన్ మారిస్తే మాత్రం వేరు. ఇంజన్ నంబరు ఆర్సీలో, పాలసీలో రెండింటా మారాలి. సెకండ్ హ్యాండ్ బండి కదా, ఒకసారి బానెట్ ఎత్తి నంబరు సరిచూసుకో. కీ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బ్యాగు ఎప్పుడో పేలిపోయి, ఉత్త మూత పెట్టి అమ్మారేమో, షోరూంలో చూపించు.

చెప్పడం ఎట్లాగంటే, ఈమెయిల్. మీ కంపెనీ కస్టమర్ కేర్‌కు, బ్రాంచికి, ఏజెంట్‌కు కూడా కాపీ. ఇట్లా రాయి: "నా కారు నంబరు ఫలానా, పాలసీ నంబరు ఫలానా. ఫలానా తేదీన సీఎన్జీ కిట్ వేయించాను, విలువ 60,000 రూపాయలు. బిల్లు, ఫిట్‌మెంట్ సర్టిఫికెట్, మార్చిన ఆర్సీ కాపీ జతచేశాను. అదనపు ప్రీమియం ఎంతో చెప్తే కడతాను, ఎండార్స్‌మెంట్ ఇప్పించగలరు." అంతే. క్షమాపణలు, కథలు వద్దు. కిట్ వేయించిన రోజే ఒక చిన్న మెయిల్ పెట్టు, ఆర్సీ వచ్చాక ఇది. బండి చూస్తామంటే చూపించు. ఎండార్స్‌మెంట్ వచ్చేదాకా లాంగ్ డ్రైవులు ఆపుకో.

నవ్వుకుంటావేమో గానీ, మా ఇంట్లోనే ఈ తప్పు జరిగింది. మీ పెదనాన్న పాత బండికి 18 వేలు పెట్టి టేప్ రికార్డర్, ఫాగ్ లైట్లు పెట్టించాడు. "మీ ఆఫీసు వాళ్లకు నువ్వు చెప్పవా" అన్నాడు, నేనేమో ఆయన ఏజెంట్‌కు చెప్పాడనుకున్నా. చిట్యాల దగ్గర లారీ వెనక నుంచి గుద్దింది, రోడ్డు మీద బండి ఒక రాత్రి ఉండేసరికి టేపు కూడా మాయం. ఆ 18 వేలకు క్లెయిమ్ ఫారం నింపుతుంటే మా పక్క సీటు ఆయన నా వైపు చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

అన్నీ చెప్పి, అన్నీ కట్టాక కూడా కంపెనీ మొండికేస్తే దారి ఉంది. ముందు ఫిర్యాదులు చూసే వాళ్ల గ్రీవెన్స్ సెల్‌కు రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా తగవులు తీర్చే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫోన్ నంబరు 155255 కూడా ఉంది. కానీ అక్కడ మొదట అడిగేది నువ్వు కంపెనీకి ఏం రాశావు, ఎప్పుడు రాశావు అనే.

వచ్చే ఆదివారం వస్తానన్నావు కదా, ఆర్సీ, పాత పాలసీ కాపీ, స్క్రీన్ బిల్లు పట్టుకురా. బిల్లు లేదంటే ఆ షాపుకు ఈ వారంలోనే పోయి రాయించుకో, తర్వాత వాళ్లు దొరకరు. సకినాలు చేసి ఉంచుతా, మీ అమ్మకు కూడా ఒక డబ్బా తీసుకుపో.

మీ పెద్దమ్మ