గిన్నె ఎక్కడుందండీ?

ప్రశ్న: మా తమ్ముడి కొడుకు అమెరికాలో ఓహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. 2025 జనవరి 2న తెల్లారగట్ల అయిదింటికి కొట్టు తెరుస్తూ, కొత్త సంవత్సరం కదా అని ఫోన్ చేస్తే "పెదనాన్నా, బౌల్ గేమ్ నడుస్తోంది, మళ్లీ చేస్తా" అని పెట్టేశాడు. తర్వాత వాడు పంపిన వీడియో చూశాను. ఫుట్‌బాల్ అంటాడు, బంతి చంకలో పెట్టుకుని పరిగెడుతున్నారు. బౌల్ అంటాడు, గిన్నె ఎక్కడా లేదు. కాలేజీ పిల్లల ఆటకి ఇంత టెన్షనా?
– ఒక కిరాణా వ్యాపారి, బరంపురం

జవాబు: మీరు చూసిందంతా గిన్నెలోనే జరిగిందండీ! 1914లో యేల్ యూనివర్సిటీ వాళ్లు గిన్నె ఆకారంలో స్టేడియం కట్టుకుని యేల్ బౌల్ అన్నారు. అది చూసి కాలిఫోర్నియాలోని పాసడీనాలో 1922లో రోజ్ బౌల్ కట్టారు. జనవరి 1న అక్కడ గులాబీల ఊరేగింపు, ఆ వెంటనే ఆట. స్టేడియం పేరు ఆటకి అంటుకుంది, తర్వాత మిగతా ఊళ్లవాళ్లు కూడా మాకో బౌల్ కావాలని మొదలెట్టారు, ఇప్పుడు నలభై దాటాయి. అసలు ఆ ఊళ్లో మొదటి ఆట 1902లోనే జరిగింది. మిషిగన్ 49–0తో ముందుంటే స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఆట మధ్యలోనే మావల్ల కాదని చేతులెత్తేశారు. ఊరివాళ్లకి విసుగొచ్చి కొన్నేళ్లపాటు ఫుట్‌బాల్ మానేసి రథాల పందేలు పెట్టుకున్నారు (నన్నడిగితే అవే చూడముచ్చటగా ఉండుంటాయి). 1916లో మళ్లీ ఫుట్‌బాల్ వచ్చింది.

చంకలో బంతి సంగతి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళితే మళ్లీ నాలుగు ఇస్తారు, లేకపోతే బంతి అవతలివాళ్లకి. అడ్డుకునేవాళ్లు కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టినట్టు పట్టి కింద పడేస్తారు. చివరి గీత దాటిస్తే 6 పాయింట్లు. కాలికి పని లేకపోలేదు, కర్రల మధ్య నుంచి తన్నితే 3.

ఇక మీవాడి టెన్షన్. మామూలు బౌల్ గెలిచినా ఓడినా ఒరిగేదేమీ లేదు, పన్నెండు ఆటల్లో ఆరు గెలిచిన జట్టుకి కూడా పిలుపొస్తుంది, సంవత్సరాంతపు విహారయాత్ర అనుకోండి. కానీ ఆ రోజు రోజ్ బౌల్‌లో జరిగింది జాతీయ ఛాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్, ఓడితే ఇంటికే. పైగా అవతల ఆరెగాన్. అక్టోబర్‌లో ఓహాయో స్టేట్‌ని 32–31తో, ఒక్కటంటే ఒక్క పాయింట్ తేడాతో ఓడించిన జట్టు, అప్పటిదాకా ఒక్క ఓటమీ లేనిది. మన ఖల్లికోట కాలేజీ, పర్లాకిమిడి కాలేజీ గోపాల్‌పూర్ బీచ్‌లో తలపడితే పాత విద్యార్థులంతా బస్సులేసుకుని రారా? అదే లెక్క. సగం ఆటకే 34–8, చివరికి 41–21తో ఓహాయో స్టేట్ గెలిచింది. జెరెమయా స్మిత్ అని మొదటి ఏడాది కుర్రాడు, బంతి పట్టుకుంటూ ఒక్కడే 187 గజాలు కొట్టుకొచ్చాడు. మీరు ఫోన్ చేసేసరికి మీవాడు గంతులేస్తూ ఉండుంటాడు, కోపం తెచ్చుకోకండి. జనవరి 20న నోటర్‌డామ్‌ని ఓడించి ఛాంపియన్లు కూడా అయ్యారు, ఆ రోజు ఫోన్ చేయలేదు కదా?

ప్రశ్న: బౌల్ గెలిస్తే ఏమిస్తారు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, రాయగడ

జవాబు: కప్పు ఇస్తారమ్మా, కొన్నిచోట్ల తిండి కూడా. మయోనైజ్ కంపెనీ స్పాన్సర్ చేసే ఒక బౌల్‌లో గెలిచిన కోచ్ నెత్తిన బకెట్‌తో మయోనైజ్ కుమ్మరిస్తారు. 2023లో పాప్ టార్ట్స్ (టోస్టర్‌లో వేడి చేసుకుని తినే తీపి బిస్కెట్లు) బౌల్‌లో మనిషంత బిస్కెట్ వేషగాడు పెద్ద టోస్టర్‌లోకి దిగాడు, కింద నుంచి నిజం బిస్కెట్ బయటికొచ్చింది, గెలిచిన కాన్సాస్ స్టేట్ కుర్రాళ్లు దాన్ని చేతులతో తుంచుకుని తినేశారు.

ప్రశ్న: ఆ ఆటగాళ్లకి జీతాలుంటాయా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఫీజు మాఫీ ఎప్పట్నుంచో ఉంది. 2021 నుంచి తమ పేరు, ఫొటో ప్రకటనలకి వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు. అప్పట్నుంచి కొందరు మన లెక్చరర్ల కంటే బాగానే సంపాదిస్తున్నారు.