గడి దాటిపోతున్న ఫొటో

ప్రశ్న: పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఫొటోలకు ఫొటోషాప్‌లో 12 అంగుళాల చదరపు ఆల్బమ్ పేజీ టెంప్లేట్ చేస్తున్నాను. ఫొటో గడిలో ఇమడకుండా పేజీ అంతా పరుచుకుంటోంది. ఫొటోకి వేసిన నీడా కనిపించడం లేదు. ఎందుకండీ? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: చిక్కంతా లేయర్ల (ఒకదానిపై ఒకటి పరిచిన పొరల) వరుసలోనే ఉంది. కంట్రోల్, ఆల్ట్, జి కలిపి నొక్కి క్లిప్పింగ్ మాస్క్ వేస్తే, ఫొటో తనకు సరిగ్గా కిందున్న లేయర్ ఆకారాన్నే తీసుకుంటుంది. మీ ఫొటో కింద బ్యాక్‌గ్రౌండ్ కాగితం ఉన్నట్టుంది. ఫొటోను గడి లేయర్‌కు నేరుగా పైకి జరిపి మళ్లీ మాస్క్ వేయండి. గడి ఏ రంగైనా ఫర్వాలేదు, ఒపాసిటీ (చిక్కదనం) మాత్రం 100 శాతం ఉండాలి. తగ్గితే ఫొటో కూడా పలచబడుతుంది.

నీడ, అంటే డ్రాప్ షాడో, గడి లేయర్‌కే ఇవ్వండి. ఫొటోకిస్తే గడి అంచు దగ్గరే తెగిపోతుంది. గడికిస్తే ఎన్ని ఫొటోలు మార్చినా నిలుస్తుంది.

పేజీ 3600 × 3600 పిక్సెళ్లు, రిజల్యూషన్ 300 (అంగుళానికి 300 పిక్సెళ్లు). పొడవాటి మాను అయిన సిరిమానుకు చదరపు గడి పనికిరాదు, దాని చివర కూర్చున్న పూజారే తెగిపోతారు! 1200 × 2700 పిక్సెళ్ల నిలువు గడి, అంటే 4 × 9 అంగుళాలది, పెట్టండి. ప్రింటయ్యాక అంచులు కోస్తారు కాబట్టి ముఖాలు, అక్షరాలు కనీసం 75 పిక్సెళ్లు లోపలికి ఉండాలి. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు కుదించుకుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి.

ప్రశ్న: ఫొటోను చిన్నది చేసి మళ్లీ పెంచితే మసకబారుతోంది. – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: చిన్నది చేసే ముందే స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా (అసలు పిక్సెళ్లను భద్రంగా దాచుకునే లేయర్‌గా) మార్చండి. ఇప్పటికే పోయిన పిక్సెళ్లు తిరిగి రావు, అసలు ఫొటోనే మళ్లీ తెచ్చుకోవాలి. టెంప్లేట్‌ను పీఎస్‌డీగా (లేయర్లన్నీ విడివిడిగా ఉండే ఫొటోషాప్ ఫైలుగా) దాచి, ప్రింటుకు జేపెగ్ కాపీ ఇవ్వండి.