బీరువా తాళం నీ చేతికొచ్చింది కదా

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ హైస్కూల్లో లైబ్రరీ ఇన్‌ఛార్జి పని నీకు అంటగట్టారనీ, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఏ పుస్తకాలివ్వాలో లిస్టు పంపమనీ రాశావు. లిస్టు రాయడం పది నిమిషాల పని. దాన్ని చూసి పుస్తకాలు పంచితే మాత్రం ఒక్కడూ చదవడు. పుస్తకం సంగతి తెలిస్తే సగం పనే అయినట్టు. ఎదురుగా నిలబడ్డ పిల్లవాడెవరో కూడా తెలియాలి. అందుకే లిస్టుకు బదులు ఈ ఉత్తరం. పేర్లు మధ్యమధ్యలో వస్తాయి, ఏరుకో.

ముందు ఆ బీరువా సంగతి. పుస్తకం పోతే తన మెడకు చుట్టుకుంటుందేమోనని చాలామంది తాళమే తీయరు. నువ్వు హెడ్మాస్టరు గారితో మొదటే మాట్లాడుకో. పిల్లల చేతికి ఇచ్చాక కొన్ని చిరుగుతాయి, కొన్ని పోతాయి, ఏడాది చివర స్టాక్ చూసేటప్పుడు వాటిని రాసి మీ సంతకం తీసుకుంటానని చెప్పు. బడికొచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి ఎక్కించే యాక్సెషన్ రిజిస్టరు శుభ్రంగా ఉంటే ఈ మాట ధైర్యంగా అనగలవు. పుస్తకాలున్నది వాడుకోవడానికే అని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు తన అయిదు సూత్రాల్లో మొట్టమొదటిదిగా 1931లోనే అచ్చువేయించారు. మన బడుల్లో ఆ మొదటిదే ఇంకా అమలు కాలేదు. ఇక ఇష్యూ రిజిస్టరు పిల్లలకే అప్పజెప్పు, తరగతికి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి చొప్పున. ఎవరి దగ్గర ఏ పుస్తకముందో నీకంటే వాళ్ళకే బాగా గుర్తుంటుంది.

పిల్లల ముందు 'ఇది చాలా మంచి పుస్తకం, చదివితే పైకొస్తావు' అనకు. ఆ వయసులో పెద్దవాళ్ళు మంచిదన్నదల్లా ఆముదమే. అలా ఇచ్చిన పుస్తకం వారం రోజులు బ్యాగులో తిరిగి, అట్టకు మడత కూడా పడకుండా వెనక్కొస్తుంది. దానికంటే పీరియడ్ చివర అయిదు నిమిషాలు మిగుల్చుకుని కథ మొదలుపెట్టి, మంచి పట్టులో ఆపేయి. అలెక్స్ హేలీ 'రూట్స్' నవలకు తెలుగు, 'ఏడు తరాలు' ఉందనుకో. బానిసత్వం గురించీ అమెరికా చరిత్ర గురించీ ఉపన్యాసం వద్దు. పదిహేడేళ్ళ కుర్రాడు, కుంటా కింటే, డోలు చేసుకోవడానికి మంచి మొద్దు వెతుక్కుంటూ ఒంటరిగా చెట్లలోకి పోయాడు, వెనక ఏదో అలికిడైంది అని చెప్పి, పుస్తకం బల్ల మీద పెట్టి, హాజరు పట్టీ తీసుకుని వచ్చేయి. గంట కొట్టాక దాని కోసం ఎవరు కొట్లాడుకుంటారో కిటికీలోంచి చూడు. నీ పాఠకులు వాళ్ళే.

ఒక్కటే పుస్తకం చేతిలో పెట్టడం కూడా మంచిది కాదు. అయ్యవారు ఇచ్చారు గనక వద్దనలేడు, చదవనూ లేడు. మూడు చూపించు. క్రికెట్ తప్ప ఇంకోటి పట్టనివాడికి ఒక ఆటగాడి జీవితం, అబ్దుల్ కలాం గారి 'ఒక విజేత ఆత్మకథ', ఏదైనా ఒక దెయ్యాల కథల పుస్తకం. ఏది తీశాడో గుర్తుపెట్టుకుంటే తర్వాతి మూడు ఏవో నీకే తడతాయి. మధుబాబు రాసిన గూఢచారి షాడో నవల పట్టుకుని తిరిగేవాడు కనబడితే కళ్ళెర్రచేయకు. మా తరంలో చదువరులు అనిపించుకున్నవాళ్ళలో ఎంతమంది మధుబాబు దగ్గర అక్షరాల వేగం నేర్చుకున్నారో లెక్క తీస్తే పెద్ద పెద్ద పేర్లే బయటపడతాయి.

అన్నిటికంటే కష్టమైంది తొమ్మిదికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లలతో. ఇప్పుడు ప్రతి తరగతిలోనూ ఉన్నారు, నువ్వూ చూసే ఉంటావు. తోటివాళ్ళ ముందు వాడి చేతికి బొమ్మల పుస్తకం ఇచ్చావో, మళ్ళీ ఆ గది గడప తొక్కడు. నేను చేసే ఉపాయం ఒకటుంది. 'నీకు చెల్లెలుంది కదా, రెండో తరగతి కదా? ఈ పుస్తకం ఆ పాపకు చదివి వినిపించు. పిల్లలకు అర్థమవుతుందో లేదో నాకు తెలియాలి, సోమవారం వచ్చి చెప్పు' అని పంపేవాణ్ణి. వాడి పరువు పోదు. ఇంట్లో చెల్లెలు మళ్ళీ చదవమని పీడిస్తుంది, ఒకే కథ నాలుగైదు సార్లు పైకి చదవక తప్పదు. సోమవారం వచ్చి 'నక్క కథ బాగలేదు సార్, కోతి కథకు మాత్రం నవ్వింది' అని పెద్ద విమర్శకుడిలా చెబుతాడు. అప్పుడు ఇంకో రెండు పుస్తకాలు ఇవ్వాలి, ఈసారి అక్షరాలు కాస్త చిన్నవి. పాత చందమామలు దొరికితే ఈ పనికి వాటిని మించినవి లేవు. ఏ మీడియం పిల్లలైనా ఇదే దారి. ఇంగ్లీషు పుస్తకాలకు తొందరపడొద్దు, ఇంటి భాషలో వేగం వస్తే అదీ వెనకే వస్తుంది.

మన సీమ పుస్తకాలు ఒక అరలో విడిగా పెట్టు. అచ్చులో తమ ఇంటి మాట కనబడితే పిల్లల ముఖాలు ఎట్లా వెలుగుతాయో చూస్తేగానీ నమ్మలేవు. నామిని 'పచ్చనాకు సాక్షిగా' చిత్తూరు వైపు యాసలో ఉంటుంది, లోపల చదువుకుంటే తడబడతారు, నువ్వు ఒక కథ పైకి చదివితే కడుపు పట్టుకుని నవ్వుతారు. శెనక్కాయ పంట పోయి ఇంట్లో అప్పుల గొడవ వింటున్న పిల్లలకు సింగమనేని నారాయణ గారి 'జూదం' ఇవ్వు. ఆయనా నీలాగే తెలుగు పండితుడు, ఈ జిల్లావాడే. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలు చిన్నవి, మన కడప జిల్లా ముస్లిం ఇళ్ళవి. ఆ ఇళ్ళ పిల్లలకే కాదు, పక్క బెంచీ పిల్లలకు ముందు ఇవ్వు. ఇంట్లో కుదురుగా ఉండక ఊళ్ళు తిరగాలని కలలు కనేవాడు ఒకడుంటాడు చూడు, వాడు పదికి వచ్చాక తిరుమల రామచంద్ర గారి ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాకా' చూపించు, మొదట కొన్ని పేజీలు చాలు. విద్వాన్ విశ్వం కావ్యం 'పెన్నేటి పాట' మాత్రం ఎవరికీ ఇంటికివ్వకు. అది పుస్తకంగా ఇస్తే మూలన పడుతుంది, నువ్వు గొంతెత్తి చదివితే నిలుస్తుంది.

బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కదా అని పిల్లల అరలో పెట్టేవు. గొప్ప నవలే, కానీ అందులోని పాలెగాళ్ళ కాలపు క్రూరత్వం పద్నాలుగేళ్ళ వాళ్ళకు కాదు. స్టాఫ్ రూమ్‌లో పెట్టు, అక్కడ కూడా చదివేవాళ్ళు కావాలి.

ఆడపిల్లల విషయంలో నువ్వున్నావు గనక నాకు బెంగ లేదు, నా కాలంలో వాళ్ళు నన్ను అడగలేని పుస్తకాలు నిన్ను అడుగుతారు. ఎదిగే వయసు గురించి, నెలసరి గురించి రాసిన పుస్తకాలు ఏ రిజిస్టరులోనూ సంతకం అక్కర్లేకుండా, తలుపు దగ్గర అరలో ఉంచు. రెండు పోయినా ఫరవాలేదు, పోయాయంటే ఎవరో దాచుకున్నారని అర్థం.

చదివి తెచ్చాక సారాంశం రాయమనొద్దు, నీతి ఏమిటని అడగొద్దు. ఆ ఒక్క ప్రశ్నతో పుస్తకం మళ్ళీ పాఠమైపోతుంది. 'ఎక్కడ ఆపేశావు?' అని మాత్రం అడుగు. పన్నెండో పేజీలో ఆపానంటే సంతోషంగా పుస్తకం వెనక్కి తీసుకో, పన్నెండో పేజీలో ఏముందో నువ్వు చూసుకో. రాత్రంతా కూర్చుని ముగించానంటే, ఆ పుస్తకం గురించి తోటిపిల్లలకు చెప్పే పని వాడిదే. నీ మాటకంటే వాడి మాటకే గిరాకీ ఎక్కువ.

డబ్బులొచ్చినప్పుడు కొనడానికి ఒక్కదానివే పోకు. నవంబరు 14 నుంచి వారం రోజులు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, ఆ రోజుల్లో నలుగురు పిల్లలను జిల్లా గ్రంథాలయానికి తీసుకుపో. వాళ్ళు ఏ అర దగ్గర ఎక్కువసేపు ఆగారో చూసుకుని, తర్వాత కొను.

చివరగా ఒక ముఖ్యమైన సంగతి. స్టాక్ చూడాలని ఏప్రిల్లో పుస్తకాలన్నీ లాగేసుకుని తాళం వేయడం మన బడుల ఆచారం. పిల్లలకు నిజంగా తీరిక దొరికేదే ఆ ఎండాకాలంలో. నువ్వు స్టాక్ పని మార్చిలోనే ముగించి, సెలవులిచ్చే రోజు తలా రెండు పుస్తకాలు ఇచ్చి పంపు, జూన్‌లో తెస్తారు. పదో తరగతి వాళ్ళ దగ్గర మాత్రం హాల్‌టికెట్ల కోసం వచ్చిన రోజే అడిగి తీసుకో, పరీక్షలయ్యాక వాళ్ళు నీకు దొరకరు.

ఆశీస్సులతో,
మీ తెలుగు సారు