పాఠకుల ప్రశ్నలు – జవాబులు: గ్రీన్‌లాండ్ తెడ్డుకు ఏ కలప?

ప్రశ్న: నేను అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటున్నాను. వేసవిలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) నడుపుతాను. గ్రీన్‌లాండ్ మూలవాసులైన ఇన్యూయిట్‌లు వాడుతూ వచ్చిన సన్నని, పొడవాటి రెక్కల తెడ్డును స్వయంగా చెక్కుకోవాలని ఉంది. ఇక్కడి కలప దుకాణంలో వెస్టర్న్ రెడ్ సెడార్, సిట్కా స్ప్రూస్, డగ్లస్ ఫర్, యాష్ దొరుకుతున్నాయి. అన్నిటిలోకీ యాష్ గట్టిది కాబట్టి అదే మన్నుతుందని మిత్రులు అంటున్నారు. ఏది తీసుకోవాలి? మంచి పలకను ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: మీ మిత్రులు చెప్పినట్లు యాష్ గట్టిదే, కానీ తెడ్డుకు మొదట కావలసింది గట్టిదనం కాదు. గంటల తరబడి ఎత్తుతూ దించుతూ ఉండవలసిన వస్తువు కనుక ముందుగా బరువు చూడాలి. ఆ తరువాత, పిడి రెక్కగా మారే సన్నని చోట విరగకుండా ఉండేలా చెక్కలోని గీతలు తిన్నగా సాగాయో లేదో చూడాలి. చెక్కడం పూర్తయిన గ్రీన్‌లాండ్ తెడ్డులో సుమారు రెండు లీటర్ల పరిమాణం కలప మిగులుతుంది. ఆరిన రెడ్ సెడార్ ఘనపు మీటరుకు దాదాపు 370 కిలోలు, సిట్కా స్ప్రూస్ 425, డగ్లస్ ఫర్ 500కు కొంచెం పైన, యాష్ 650కి పైన తూగుతాయి. అంటే ఒకే కొలతలతో చేసిన తెడ్డు సెడార్‌తో ముప్పావు కిలో, స్ప్రూస్‌తో 850 గ్రాములు ఉంటే, యాష్‌తో కిలో మూడు వందల దాకా వస్తుంది. పైగా తడిలో ఉంటే యాష్ త్వరగా పుచ్చిపోతుంది. ఆవిరి పట్టి వంచడానికి బాగా లొంగుతుంది కాబట్టి కయాక్ చట్రంలోని పక్కటెముకలకు అది చక్కగా పనికివస్తుంది. దానిని అక్కడికే పరిమితం చేయండి.

మొదటి తెడ్డుకు రెడ్ సెడార్ తీసుకోమనే నా సలహా. దాని చేవ సహజంగానే పుచ్చును తట్టుకుంటుంది, చిత్రికకు సులువుగా లొంగుతుంది, మీ ప్రాంతపు అడవుల చెట్టే కనుక మంచి పలక దొరకడమూ కష్టం కాదు. అయితే అది మెత్తని చెక్క. రాతికి తగిలితే రెక్క కొస సొట్టపోతుంది. రాళ్ల తీరంలో తెడ్డుతో నేలను నెట్టే అలవాటు మీకుంటే సిట్కా స్ప్రూస్ మేలు, కానీ దానికి పుచ్చును ఆపే గుణం లేదు కాబట్టి నూనె పూత విషయంలో అశ్రద్ధ పనికిరాదు. సెడార్ పొడి కొందరికి ఉబ్బసం తెస్తుంది; ఆరుబయట పని చేసుకున్నా ముక్కుకు మాస్కు తప్పనిసరి.

ఇంతకీ ఈ తెడ్డు పుట్టిన చోట చెట్టుజాతిని ఎంచుకునే అవకాశమే లేదు. కలపకు పనికివచ్చే అడవులు లేని ఆ తీరానికి సైబీరియా నదుల నుంచి సముద్రంలో పడిన లార్చ్, స్ప్రూస్, పైన్ దుంగలు ఆర్కిటిక్ మంచులో చిక్కుకుని, ఏళ్ల తరబడి ప్రయాణించి, గ్రీన్‌లాండ్ తూర్పు ఒడ్డుకూ, దక్షిణపు కొనను చుట్టి పడమటి ఒడ్డుకూ చేరేవి. ఒడ్డుకు వచ్చిన వాటిలోనే తిన్నని ముక్కను ఏరుకుని తెడ్డు చెక్కేవారు; మెత్తని చెక్క అరిగిపోకుండా రెక్కల కొసలకూ అంచులకూ ఎముకనో దంతాన్నో చీలలతో బిగించేవారు. కాబట్టి కలప పేరు మీద తెగ ఆలోచించే సమయాన్ని పలకలను తిరగేసి చూడడానికి వాడండి.

పొడవు విషయానికి వస్తే, చాచిన రెండు చేతుల కొసల మధ్య దూరానికి ఒక మూరను కలపడం వాడుకలో ఉన్న కొలత. మధ్యరకం ఎత్తు మనిషికి అది 215 సెంటీమీటర్లకు అటూఇటూగా వస్తుంది. ఎనిమిది అడుగుల ‘టూ బై ఫోర్’ (పేరుకు రెండు అంగుళాల మందం, నాలుగు అంగుళాల వెడల్పు ఉన్న పలక) దీనికి సరిపోతుంది. దాని అసలు వెడల్పు మూడున్నర అంగుళాలే, రెక్కకు కావలసిన గరిష్ఠ వెడల్పు కూడా దాదాపు అంతే.

పలకను ఎత్తి ఒక కొస నుంచి కంటితో చూస్తే వంకర, మెలిక వెంటనే తెలుస్తాయి. తరువాత నాలుగు ముఖాలూ తిప్పి గీతలను వెంబడించండి: ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగకుండా మధ్యలోనే పక్క అంచు దాటి బయటికి పోతే, పలక ఎంత అందంగా ఉన్నా వదిలేయాలి, ఎందుకంటే చెక్క చీలేది ఆ గీతల వెంటే. కొసన కనబడే వలయాలు వెడల్పాటి ముఖానికి నిలువుగా ఉంటే రెక్క దొప్పలా వంగదు, చిత్రిక కూడా సమంగా పడుతుంది. వలయాలు దగ్గరదగ్గరగా ఉండడం నిదానంగా పెరిగిన చెట్టుకు గుర్తు, అది మేలు. ముడి ఉందని ప్రతి పలకనూ తోసిపుచ్చనక్కర్లేదు. చెక్కేటప్పుడు తీసివేసే భాగంలో ఉంటే నష్టం లేదు, పిడిలోనూ పిడి మొదట్లోనూ ఉంటే మాత్రం ప్రమాదం. ముడులు లేని ‘క్లియర్’ రకం ఖరీదెక్కువ. పది పన్నెండు అంగుళాల వెడల్పు పలకలను వెతికితే, వాటి పక్క అంచుల్లో నిలువు వలయాల శుభ్రమైన చెక్క తక్కువ ధరకే దొరకవచ్చు, దానిని చీల్పించుకోండి. రసాయనాలు ఎక్కించిన ‘ప్రెషర్ ట్రీటెడ్’ కలప జోలికి పోవద్దు. కొన్న పలకను కొన్ని వారాలు ఇంట్లో ఆరనిస్తే, వంగే గుణం ఉంటే అప్పుడే బయటపడుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇలాంటి తెడ్డు చేయాలంటే టేకు వాడవచ్చా?

జవాబు: టేకు నీటికి చెడదు, కానీ యాష్‌కు దగ్గరగా తూగుతుంది, అందులోని ఇసుక వంటి సిలికా చిత్రిక పదునును త్వరగా తినేస్తుంది. దేవదారు దానికన్నా తేలిక, పుచ్చును కూడా తట్టుకుంటుంది. కలప అడితిలో దిగుమతి పైన్ ఉంటే, ముడులు లేని సన్నని పట్టీలు ఏరి, నీటికి ఊడని జిగురుతో మూడింటిని పక్కపక్కన అతికించి చెక్కడం ఇంకా మంచి మార్గం. ఒక పట్టీలో గీతలు కొంచెం పక్కకు పోయినా మిగతావి కాపాడతాయి. పూతకు టంగ్ నూనె గానీ, మరిగించిన అవిసె నూనె గానీ వాడండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి పడేయకండి. వాటంతట అవే అంటుకుంటాయి, విడదీసి ఆరుబయట ఆరవేయాలి.