నువ్వు దాటేసిన అయిదేళ్లు: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన తమ్ముడికి,

ఈజిప్టు ఫుట్‌బాల్ ఆటగాడు మహమ్మద్ సలా మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది, ఎక్కడా అడ్డు తగల్లేదు. అయితే నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. ‘ఫియోరెంటినాలో 74వ నంబరు జెర్సీతో సత్తా చాటాడు’ అని రాసి, ఆ ఇటలీ క్లబ్ నుంచి మరుసటి వాక్యంలోనే మరో ఇటలీ క్లబ్ రోమాకు వెళ్లిపోయావు. ఆ 74 ఎక్కడిదని నీకు అనుమానం రాలేదా? వింగర్, అంటే మైదానం అంచుల నుంచి దాడి చేసేవాడు, ఏ ఏడో, పదకొండో అడుగుతాడు. ఏరికోరి 74 వేసుకున్నాడంటే దానికో కారణం ఉండి తీరాలి కదా.

2012 ఫిబ్రవరి 1న పోర్ట్ సయీద్‌లో అల్ మస్రీ, అల్ అహ్లీ జట్ల మ్యాచ్ ముగియగానే జనం మైదానంలోకి విరుచుకుపడ్డారు. 74 మంది చనిపోయారు. సలా ఆ రెండు జట్లవాడూ కాదు, అతను కైరోలోని అరబ్ కాంట్రాక్టర్స్ క్లబ్ ఆటగాడు. కానీ ఆ రాత్రితో ఈజిప్టు లీగ్ ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఆడదామంటే మ్యాచ్‌లే లేవు. అప్పటికే అతని మీద కన్నేసిన స్విట్జర్లాండ్ క్లబ్ బాసెల్, ఈజిప్టు అండర్-23 జట్టుతో తమ ఊళ్లోనే ఒక ఫ్రెండ్లీ ఏర్పాటు చేసింది. మార్చి 16న రాంక్‌హోఫ్ స్టేడియంలో జరిగిన ఆ మ్యాచ్‌లో సలా రెండో సగంలోనే దిగాడు, రెండు గోల్స్ కొట్టాడు, ఈజిప్టు 4-3తో గెలిచింది. ఏప్రిల్‌లో నాలుగేళ్ల కాంట్రాక్టు మీద సంతకమైంది. మూడేళ్ల తర్వాత ఇటలీలో అతని వీపు మీద కనిపించిన అంకె ఆ చనిపోయినవాళ్ల లెక్క. అతను దేశం వదిలిన రోజుల్ని, ఆ దేశం పోగొట్టుకున్న మనుషుల్ని కలిపి చెప్పగల అంకె అదొక్కటే. దాన్ని నువ్వు అలంకారంగా వాడుకుని వదిలేశావు.

నీ వ్యాసంలో ఊరు ఉంది, బస్సు ఉంది, ఆ తర్వాత నాలుగు పొడి వాక్యాల గెంతులో ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ ఉంది. మధ్యలో 2012 నుంచి 2017 దాకా అయిదేళ్లు దాదాపు మాయం. ఆ ఖాళీలో ‘పట్టుదల’ అనే మాటను పేజీకి రెండుసార్లు కూరావు. పట్టుదల ఉన్న వింగర్లు ఈజిప్టులో వందల మంది ఉంటారు. అందులో ఒక్కడే ఎందుకు బయటపడ్డాడో ఆ మాట చెప్పదు. పరాయి దేశంలో ఆడే ఆటగాడి జీవితాన్ని రెండే నడిపిస్తాయి: కాగితాలు, నిమిషాలు. ఏ కాగితం మీద ఎప్పుడు సంతకం పడింది, ఏ కోచ్ కింద ఎన్ని నిమిషాలు ఆడనిచ్చారు. ఈ రెండూ దొరకబుచ్చుకో, మిగిలిన కథ వాటి వెంటే వస్తుంది.

నువ్వు ముప్పావు పేజీ రాసిన ఆ బస్సు ప్రయాణమే చూడు. గర్బియా ప్రాంతంలోని నగ్రిగ్ నుంచి కైరోకు బస్సులు మారుతూ నాలుగు గంటలకు పైగా ప్రయాణమని అందరూ రాస్తారు. దుమ్ము, ఆకలి, కిటికీలోంచి కనిపించే పొలాలు నువ్వు కల్పించినవి, వాటిని కొట్టేయ్. అక్కడ రాయాల్సిన వస్తువు ఒక కాగితం. మధ్యాహ్నం ప్రాక్టీసుకు అందుకోవాలంటే పొద్దున్నే బడి వదలాలి. అందుకని త్వరగా పంపించమంటూ ఒక అధికారిక పత్రం ఉండేది, దాంతో ఏడింటికి వెళ్లి తొమ్మిదింటికల్లా బయటపడేవాడినని సలానే చెప్పాడు. అంటే రోజుకు రెండు గంటల బడి. ఆ కుటుంబం ఎంత పెద్ద పందెం కాసిందో ఈ ఒక్క వివరంతో తెలిసిపోతుంది.

ఆ చదువే తర్వాత అతని మెడకు చుట్టుకుంది, దాన్ని కూడా నువ్వు వదిలేశావు. ఈజిప్టులో మగవాళ్లకు సైనిక సేవ తప్పనిసరి. చదువుకుంటున్నట్టు నమోదై ఉంటే వాయిదా దొరుకుతుంది. 2014లో సలా లండన్ క్లబ్ చెల్సీ ఆటగాడిగా ఉండగా ఆ నమోదు రద్దయింది, వెనక్కి వచ్చి సైన్యంలో చేరాల్సిన పరిస్థితి ఏర్పడింది. ఆ జూలైలో ప్రధానమంత్రి ఇబ్రహీం మహ్లబ్ స్థాయిలో సమావేశం జరిగాక గానీ గండం గడవలేదు. ప్రీమియర్ లీగ్ క్లబ్‌లో ఉన్నవాడికే అలా జరిగిందంటే, చిన్న లీగుల్లో ఆడే ఈజిప్టు కుర్రాళ్ల సంగతేమిటో ఆలోచించు. నీ తర్వాతి వ్యాసానికి అదే విషయం కావచ్చు.

ఇక ‘చెల్సీలో విఫలమయ్యాడు’ అన్న మాట. దేన్ని చూసి రాశావు? 2014 జనవరిలో చెల్సీ సుమారు 1.1 కోట్ల పౌండ్లు పెట్టి కొన్నది. ఎందుకు కొన్నది? అదే సీజన్ చాంపియన్స్ లీగ్‌లో బాసెల్ చెల్సీని రెండుసార్లు ఓడించింది, రెండింట్లోనూ సలా గోల్ కొట్టాడు. అంతకు ముందు వసంతంలో యూరోపా లీగ్ సెమీఫైనల్లోనూ చెల్సీ సొంత మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జిలో కొట్టాడు. తమను గాయపరిచినవాణ్నే తెచ్చుకున్నారు. అయితే అక్కడ అజార్, విలియన్, ఆస్కార్, షుర్లే అప్పటికే ఉన్నారు. పైగా వింగర్ వెనక్కి పరుగెత్తి తన వెనకున్న అంచు డిఫెండరుకు (ఫుల్‌బ్యాక్) కాపు కాయాలనేది కోచ్ మొరిన్యో పద్ధతి. బాసెల్‌లో సలా బతికింది ఖాళీ జాగాలోకి దూసుకెళ్లే పరుగు మీద. చెల్సీని చూడగానే ప్రత్యర్థులు పెనాల్టీ బాక్సు ముందు గుమిగూడతారు, ఆ జాగా ఎక్కడ దొరుకుతుంది? మొదటి అరసీజన్‌లో లీగ్ మ్యాచ్‌లు 10, తర్వాతి అరసీజన్‌లో 3. మొత్తం 13 మ్యాచ్‌లు, 2 గోల్స్. వాటిలో దాదాపు సగం సబ్‌స్టిట్యూట్‌గా, అంటే మధ్యలో, దిగినవి. ఆర్సెనల్‌ను 6-0తో చిత్తు చేసిన రోజు కొట్టిన మొదటి గోల్ కూడా అలా దిగి కొట్టిందే. ఇంత చెప్పాక ‘విఫలమయ్యాడు’ అని నువ్వు అనక్కర్లేదు, పాఠకుడే తేల్చుకుంటాడు.

బ్రిటన్‌లో అడుగుపెట్టాలంటే మరో కాగితం కావాలి. అప్పటి వర్క్ పర్మిట్ నిబంధన ప్రకారం దేశం ఫిఫా ర్యాంకుల్లో మొదటి 70లో ఉండాలి, ఆటగాడు గత రెండేళ్లలో జాతీయ జట్టు ఆడిన పోటీ మ్యాచ్‌లలో 75 శాతం ఆడి ఉండాలి. ఫ్రెండ్లీలు లెక్కలోకి రావు. దేశం తరఫున ఆడటం దేశభక్తి మాత్రమే కాదు, ఆటగాడికి అది వీసా కూడా. ఈ లంకె తెలిస్తే ‘జాతీయ జట్టంటే ప్రాణం’ అనే వాక్యాన్ని నువ్వు వేరే రకంగా రాసి ఉండేవాడివి.

నీ వ్యాసంలో అన్నిటికన్నా బలహీనంగా ఉన్నది ‘లోను మీద వెళ్లాడు’ అన్న ముక్క. లోనంటే ఒక క్లబ్ తన ఆటగాణ్ని కొంతకాలం ఇంకో క్లబ్‌కు అద్దెకివ్వడం. అందులో మూడు విషయాలు అడగాలి. జీతం ఎవరిస్తారు? చివర్లో కొనే హక్కు మాత్రమే ఉందా, కొని తీరాలా? ఆటగాడి అంగీకారం మళ్లీ కావాలా? 2015 ఫిబ్రవరిలో ఫియోరెంటినా ఆటగాడు క్వాడ్రాడో చెల్సీకి వచ్చిన బేరంలో భాగంగా సలా లోను మీద ఆ క్లబ్ ఊరు ఫ్లోరెన్స్ వెళ్లాడు. అక్కడి కోచ్ మోంటెల్లా అతన్ని గోల్‌కు దగ్గరగా ఆడనిచ్చాడు. మార్చిలో ట్యూరిన్‌లో యువెంటస్ మీద ఇటలీ కప్ పోటీ కోపా ఇటాలియా సెమీఫైనల్ తొలి అంచెలో రెండు గోల్స్ కొట్టి 2-1తో గెలిపించాడు. ఆ వసంతంలో లీగ్‌లో 16 మ్యాచ్‌లు ఆడి 6 గోల్స్ కొట్టాడు. సీజన్ ముగిశాక ఫియోరెంటినా కొనసాగించబోతే అతను ఒప్పుకోలేదు. తమకు హక్కుందని క్లబ్ ఫిఫాకు ఫిర్యాదు చేసింది. నువ్వేమో ‘కొత్త సవాళ్ల కోసం రోమా చేరాడు’ అని రాశావు. ఆ వాక్యం ఏ ఆటగాడికైనా అతుకుతుంది, అందుకే అది పనికిరాదు.

రోమాది మళ్లీ లోనే: 50 లక్షల యూరోలు అద్దె, 1.5 కోట్లకు కొనే హక్కు. మొదటి సీజన్లో లీగ్ గోల్స్ 14, రెండో సీజన్లో 15. కోచ్‌గా స్పల్లెట్టి వచ్చాక ముందువరుస ఆటగాడు జెకో వెనక్కి దిగి బంతి అందుకోవడం, అతని వెనక జాగాలోకి సలా కుడివైపు నుంచి దూసుకురావడం అలవాటయ్యింది. లివర్‌పూల్‌లో ఫిర్మినో వెనక్కి దిగితే సలా లోపలికి వచ్చిందీ అదే పద్ధతి. లివర్‌పూల్ అప్పటి కోచ్ క్లాప్ కింద విరబూసిన ఆట రోమాలోనే తయారైంది. నువ్వు మాయం చేసిన అయిదేళ్లలో అసలు సరుకు ఇక్కడే ఉంది.

బాసెల్ గురించి ఒక పేరా అదనంగా రాయి. కుర్రాళ్లను చౌకగా కొని, యూరప్ పోటీల్లో ఆడించి, పెద్ద క్లబ్బులకు అమ్మడం ఆ క్లబ్ నడిచే తీరు. సలా వెళ్లిన కొన్ని నెలలకే, 2013 జనవరిలో, అదే అరబ్ కాంట్రాక్టర్స్ నుంచి మహమ్మద్ ఎల్నెనీని తీసుకుంది. 2016 జనవరిలో అతను ఆర్సెనల్ చేరాడు. ఒకే కైరో క్లబ్ నుంచి ఒకే స్విస్ క్లబ్ మీదుగా ఇద్దరు లండన్ చేరారంటే అది తలరాత కాదు, వేసిన దారి.

ఆ దారిలో కైరో క్లబ్‌కు ఏం మిగిలిందో లెక్క కట్టడం నేర్చుకో. ఫిఫా నిబంధన ప్రకారం, కాంట్రాక్టు గడువు మిగిలి ఉండగా ఆటగాడు దేశం దాటి అమ్ముడైన ప్రతిసారీ రుసుములో 5 శాతం, అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య పెంచిన క్లబ్బులకు పంచాలి. 12, 13, 14, 15వ పుట్టినరోజులు పడిన ఏళ్లకు 0.25 శాతం చొప్పున, 16 నుంచి 23 దాకా 0.5 శాతం చొప్పున. పది కోట్ల అమ్మకమైతే మొత్తం 50 లక్షలు. 14వ ఏడు చూసుకున్న క్లబ్‌కు రెండున్నర లక్షలు, 17వ ఏడు చూసుకున్న క్లబ్‌కు అయిదు లక్షలు. ఆటగాడు ఏ సీజన్లో ఎక్కడ నమోదయ్యాడో చెప్పే పత్రాన్ని ప్లేయర్ పాస్‌పోర్ట్ అంటారు. అందులో ఒక సీజన్ తప్పు పడితే పల్లెటూరి క్లబ్‌కు రావాల్సిన డబ్బు ఇంకొకరికి పోతుంది. ‘క్లబ్ రుణం తీర్చుకున్నాడు’ అని రాసే ముందు ఈ లెక్క వెయ్యి.

ఇలాంటి పేరాలను మన పత్రికల్లో ఎడిటర్లు ముందుగా కోస్తారు, నాకు తెలుసు. క్రికెట్ స్కోరు బోర్డు మింగగా మిగిలిన జాగాలో ఫుట్‌బాల్‌కు ఒక ఫొటో, రెండు విశేషణాలు చాలనుకుంటారు. తెలుగు పాఠకుడికి లెక్కలు అర్థం కావన్నది వాళ్ల నమ్మకం. వడ్డీ లెక్క, కౌలు లెక్క, చిట్టీ పాట నోటితో చెప్పేవాడికి లోను ఒప్పందం అర్థం కాదా? నా మనసులో ఈ మంట ఎన్నటికీ చల్లారదు. కోసినా సరే, నువ్వు రాసే పంపు.

అంకెల్లో రెండు తప్పులు ఎక్కువగా దొర్లుతాయి, నీ దాంట్లో రెండూ ఉన్నాయి. 2017-18లో ఒకచోట 32 గోల్స్ అన్నావు, ఇంకోచోట 44 అన్నావు. 32 ప్రీమియర్ లీగ్‌లో కొట్టినవి, 44 అన్ని పోటీలూ కలిపి. ఆ 32 అప్పటికి 38 మ్యాచ్‌ల సీజన్ రికార్డు, 2022-23లో హాలండ్ 36తో దాటాడు కాబట్టి ‘నేటికీ చెక్కుచెదరని’ అనేది తీసెయ్. రెండోది, లివర్‌పూల్ బదిలీ రుసుము. రోమా చెప్పింది 4.2 కోట్ల యూరోలు, షరతులు నెరవేరితే మరో 80 లక్షలు. ఇంగ్లిష్ పత్రికల్లో వచ్చే 3.69 కోట్లు పౌండ్లలో. నువ్వు పౌండ్ల అంకె పక్కన యూరో అని రాశావు. మొదటి రుసుమా, షరతులతో కలిపిందా అన్నది ప్రతిసారీ చెప్పాలి.

గాయం గురించి కూడా తేదీలతోనే రాయి. 2018 మే 26న కీవ్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ డిఫెండర్ రామోస్‌తో పెనుగులాటలో పడి అరగంటకే భుజం పట్టుకుని బయటికొచ్చాడు. సరిగ్గా ఇరవై రోజులకు, జూన్ 15న, 1990 తర్వాత ఈజిప్టు ఆడిన మొదటి వరల్డ్‌కప్ మ్యాచ్. ఆ వేళ సలాకు 26 నిండాయి, మ్యాచంతా బెంచీ మీదే కూర్చున్నాడు. ఉరుగ్వే 89వ నిమిషంలో గోల్ కొట్టి గెలిచింది. అంతకుముందు అక్టోబరులో అలెగ్జాండ్రియాలో కాంగో మీద 95వ నిమిషంలో పెనాల్టీ కొట్టి ఆ దేశాన్ని అక్కడిదాకా తెచ్చినవాడు అతనే. ఈ రెండు దృశ్యాల మధ్య నువ్వు రాసిన ‘విధి వెక్కిరించింది’ అన్న మాట అడ్డు, తీసెయ్.

శైలి గురించి, పుస్తకంగా వేయడం గురించి అడిగావు. ఇప్పుడు వాటి జోలికి వెళ్లను. ముందు ఒక పట్టిక చెయ్యి: సీజన్, క్లబ్, కోచ్, ఆడిన స్థానం, మొదటి నుంచి ఆడినవి, మధ్యలో దిగినవి, మొత్తం నిమిషాలు, లీగ్ గోల్స్, మిగతా గోల్స్, చివరి గడిలో ఆ సీజన్లో పడిన సంతకాలు. బాసెల్ నుంచి రోమా దాకా పది గళ్లూ నిండాలి. ఏ గడి నిండలేదో చూసుకుని, అక్కడ వ్యాసంలో ఏ విశేషణం పెట్టావో వెతికి, దాని కింద గీత గీసి రెండూ నాకు పంపు.

నీ
అన్నయ్య